యాంప్లిఫయర్ నచ్చని మామ

మా మేనమామ మొయినాబాద్ చర్చిలో స్టీల్ గిటార్ వాయించేవాడు. యాంప్లిఫయర్ కాలిపోయింది. కొత్తది కొన్నాకే నెలల పిల్ల మా పాపను చర్చిలో దేవుడికి అప్పగించే ప్రతిష్ఠకు వాయిస్తానన్నాడు. ప్రతి షాపులోనూ గిటార్ తీగ మీద స్టీలు కడ్డీ జార్చి, వేలు పైకెత్తి, స్వరం ఆగేదాకా కళ్ళు మూసుకుని వినేవాడు. తర్వాత తల అడ్డంగా ఊపేవాడు.

“స్వరం తోక తెగుతున్నది బిడ్డా. పాతకాలం గాజు వాల్వులదే గావాలె.”

“ఇప్పుడు యాడ దొరుకుతది మామా? సాఫ్ట్‌వేర్ పోరగాళ్ళంత కీబోర్డులే కొంటున్రు.”

“దొరుకుతది. ప్రతిష్ఠ జర ఆపు. పిల్ల యాడికి పోతది?”

ఆపాను. వాల్వులది దొరికింది, గురగుర అంటోందన్నాడు. మళ్ళీ ఆపాను. చివరికి విసిగిపోయి నేనే ఒక ఆదివారం ఖాయం చేశాను. చేతుల్లో ఎత్తుకెళ్ళాల్సిన పాప పాస్టరుగారి దగ్గరికి తానే నడుచుకుంటూ వెళ్ళింది. మామ అప్పటికి పట్నంలో, ఇంకో షాపులో ఉన్నాడు.