యాదగిరి పడవ కింది పచ్చ వెలుగు

ఛత్రినాకలో మా ఇంటి దేవుడి దీపం ముందు నిలబడి, ఒక చేయి గుండె మీద, ఇంకో చేయి కరెంటు కొలిచే మల్టీమీటరు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం.

నేను విద్యుత్ ఫోర్‌మన్‌గా చేశాను. స్వచ్ఛంద విరమణ తీసుకోవడానికి ముందటి వేసవిలో నన్ను మీర్ ఆలం చెరువు గట్టున పడవల కరెంటు పనికి వేశారు. సాయంత్రం షికార్లు అప్పుడే మొదలవుతున్నాయి. నీటి కింద లైట్లు వెలిగే పడవకే సాయంత్రం షికారు వంతు అన్నారు. యాదగిరిది సొంత పడవ, అదే అతని బతుకు. కంపెనీ లైట్లు కొనే స్థోమత లేదు. వంతు పోతే ఆ సీజనంతా గట్టు మీద కూర్చోవాల్సిందే.

మనమే చేద్దాం అన్నాను.

"చెయ్యన్నా, మస్తు చెయ్. గని నా పడవకు ఒక్క బొక్క కొట్టినవంటే, దాన్ల నీ వేలు పెట్టి కూసోవాలె!" అన్నాడు యాదగిరి.

ఎల్‌ఈడీలు బ్యాటరీ పన్నెండు వోల్టులతోనే వెలుగుతాయి. చిక్కల్లా నీళ్లు లోపలికి పోకుండా ఆపడమే. లాడ్ బజార్లో లక్క గాజులు చేసే మహమూద్ భాయ్ గుర్తొచ్చాడు. ఎల్‌ఈడీలను స్టీలు గిన్నెల్లో పెడితే, చుట్టూ లక్క పోసి గాజంత నున్నగా మూశాడు. సంబరం ఆగక అక్కడే వెలిగించాను. చాయ్ తాగి చూసేసరికి లక్క మెత్తబడి, ఎల్‌ఈడీలు పక్కకు జారి పడుకున్నాయి.

"అరె భాయ్, మేం లక్క కరగనీకే నిప్పు పెడతం. నువ్వు లక్క లోపల్నే పొయ్యి పెట్టినవ్!" అని మహమూద్ భాయ్ పగలబడి నవ్వాడు.

ఎల్‌ఈడీ ముందు వెలుగిస్తుంది, వెనుక కాలుతుంది. ఈసారి దాని అల్యూమినియం వీపును నేరుగా గిన్నె అడుక్కి అతికించాను. ముఖం మీద బుడగ రాకుండా పారదర్శకమైన ఎపాక్సీ జిగురు పోశాను. పడవ వెనుక పలకకు బొక్క కొట్టకుండా స్టీలు పట్టీ అంటించి, గిన్నె చుట్టూ నీళ్లు ఆడేలా దానికి బిగించాను. మసక నీటిలో తెలుపు పాలలా చెదిరిపోతుందని పచ్చ ఎల్‌ఈడీలు వాడాను.

పొద్దుగూకే వేళకు ఏఈ గారు, అంటే మా అసిస్టెంట్ ఇంజనీరు, పరీక్షకు వచ్చారు. ఆయన 'ఫిట్' అంటేనే వంతు. నేను అదరక బెదరక నిలబడి స్విచ్ వేశాను.

చెరువు కడుపులో పచ్చటి వెలుగు భగ్గుమంది! పక్కనున్న జూలో నెమళ్లు తెల్లారిందనుకుని కేకలు పెట్టాయి.

"అన్నా! నీళ్లల్ల బోనాల లైటింగ్ పెట్టినవే!" అని యాదగిరి ఎగిరితే పడవ ఊగి ఏఈ గారి బూట్లు తడిశాయి. ఆయన బూట్లు దులుపుకుంటూనే "ఫిట్" అన్నారు. మొదటి షికారు యాదగిరిదే.

నేర్చుకున్నది ఇదీ: నీళ్లను ఆపడం సగం పని. వేడి బయటికి పోయే దారి చూడటం మిగతా సగం.

ఇక ప్రమాణం చేశాను కాబట్టి చెప్పాలి. ఒక్క మాట కల్పించాను. నెమళ్ల సంగతి కాదు, అవి నిజంగానే అరిచాయి. స్విచ్ వేసింది నేను కాదు, యాదగిరి. నేను పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను.