ఆ ఆదివారం నిండిన బస్సు

ఆ బస్సు నింపమన్నది నేనే. ఎవరు చెప్పారని ఛైర్మన్ గారు అడిగినప్పుడు ఆ మాట నా నోట రాలేదు. ధవళేశ్వరం దాటాక కాలవ పక్కనున్న ఆ పార్కు ఊసెత్తితే చాలు, "డ్రైవరు తనవాళ్లందర్నీ ఊరికే ఎక్కించుకొచ్చి ముంచేశాడు" అని ఇప్పటికీ అంటుంటారు. అది నిజం కాదు. పార్కు అప్పటికే మునిగి ఉంది. దానికి మేనేజర్ని నేను.

కట్టినవాళ్లు హైదరాబాదు నుంచి వచ్చారు. కాలవ మీద రేవు కట్టి, రంగుల పడవలు తెచ్చి పెట్టారు. ఇలాంటి చోటికి జనం వచ్చేది వేసవి సెలవుల్లో. మా దగ్గర కాలవలు కట్టేసేదీ వేసవిలోనే. సెలవులన్నాళ్లూ మా పడవలు ఎండిన బురదలో కూర్చునేవి. వేవ్ పూల్ టిక్కెట్టు ధర చూసి, "గోదారిని పక్కన పెట్టుకుని నీళ్లకి డబ్బులేంటండీ" అని గేటు దగ్గరే నవ్వి వెళ్లిపోయేవారు. పిల్లల కోసం బొమ్మ రైలుండేది. రాజమండ్రి కోటిపల్లి బస్టాండు నుంచి మాదే ఒక ఉచిత బస్సుండేది. అది పొద్దున్న ఖాళీగా వచ్చి సాయంత్రం ఖాళీగా వెళ్లేది.

ఆ బస్సు డ్రైవరు మొదట్లో బొమ్మ రైలు నడిపేవాడు. పనితనం నచ్చి నేనే హెవీ లైసెన్సు తీయించాను. ఎవరూ ఎక్కని బస్సుని రోజూ కడిగేవాడు.

"ఎవరెక్కారని కడుగుతున్నావయ్యా?" అన్నాను ఒకసారి.

"పార్కుకి ఎవరూ రావట్లేదని మీరు గెడ్డం గీసుకోడం మానేశారాండి?" అన్నాడు.

ఒక శనివారం ఛైర్మన్ గారు ఫోన్ చేశారు. పార్కులో వాటా కొనే ఆలోచన ఉన్న ఒక పెద్దమనిషిని మర్నాడు తీసుకొస్తున్నారట. జనం కనపడాలన్నారు. నేను డ్రైవర్ని పిలిచాను.

"రేపు బస్సు నిండాలి."

"నిండాలంటే నిండుద్దా అండి? గోతంలో ధాన్యమా, ఎత్తి పోయడానికి?"

"మీ చర్చివాళ్లని తీసుకురా. టిక్కెట్టు అక్కర్లేదు. రైలెక్కిద్దాం, అంతా చూపించి పంపిద్దాం."

"ఆరాధనయ్యాక మా స్త్రీల సమాజం వాళ్లని అడుగుతానండి. మీరు రమ్మన్నారని చెప్పనా?"

"నా పేరెందుకు? నువ్వే పిలిచినట్టు పిలు."

మర్నాడు బస్సు పాటతో వచ్చింది. ఆ బస్సులోంచి మనుషుల గొంతులు వినడం నాకదే మొదటిసారి. తెల్లచీరల్లో ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. బొమ్మ రైల్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, మలుపు తిరిగినప్పుడల్లా కేకలేశారు. డ్రైవరు భార్య ఆకులో పులిహోర పెట్టి, "తినండి మేనేజర్ గారూ, మీ పార్కు ఎంత బాగుందో!" అంది. ఆ మాట ఆ పార్కు గురించి అంతవరకూ నాతో ఎవరూ అనలేదు. ఆ కాసేపూ అది దేనికోసం కట్టారో దానిలాగే ఉంది. అందుకు వాళ్లకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

వచ్చిన పెద్దమనిషికి ముచ్చటేసింది. రైలు దిగుతున్న ఒక ముసలావిణ్ణి, "టిక్కెట్టు ఎంత పెట్టారమ్మా?" అని అడిగాడు.

"టిక్కెట్టేంటి నాయనా? బస్సు ఖాళీగా ఉంటే బాగోదని మావాడు పిలిస్తే వచ్చాం. తవరూ అలాగే వచ్చారా?"

ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే వెళ్లి కారెక్కాడు. కారు గేటు దాటాక ఛైర్మన్ గారు మావైపు తిరిగారు.

"ఎవరు పిలవమన్నారు వీళ్లని?"

డ్రైవరు నావైపు చూశాడు. నా నోట్లో పులిహోర ఉంది. నేను ఆకులోకి చూశాను.

"నేనేనండి," అన్నాడు డ్రైవరు.

ఛైర్మన్ గారు బస్సు తాళం అక్కడే పెట్టి వెళ్లిపొమ్మన్నారు. అతను టిక్కెట్ల కిటికీ దగ్గర తాళం పెట్టాడు. ఆడవాళ్లు ఖాళీ క్యారేజీలు పట్టుకుని, ఆటోల కోసం మధ్యాహ్నపు ఎండలో రోడ్డు దాకా నడిచారు. కడిగిన బస్సు అక్కడే నీడలో నిలబడి ఉంది. వాళ్లని దింపి రమ్మని ఇంకొకరికైనా నేను చెప్పలేదు.

కరోనా వచ్చేదాకా పార్కు ఈడ్చుకొచ్చి మూతపడింది. అతను మండపేటలో కాలేజీ బస్సుకి కుదిరాడని విన్నాను. రాజమండ్రిలో ఎప్పుడైనా ఎదురైతే, "బాగున్నారాండి?" అని అతనే పలకరించేవాడు. నేను ఎండల గురించి మాట్లాడి తప్పుకునేవాణ్ణి.

ఈమధ్య ఫోన్ చేశాడు. సొంతంగా వ్యాను కొన్నాడట, ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాడట, తప్పకుండా రావాలన్నాడు. కనపడి, భోంచేసి వచ్చేద్దామని వెళ్లాను. ఇంటి ముందు షామియానా కింద ఆనాటి ఆడవాళ్లలో చాలామంది ఉన్నారు. ప్రార్థన అయ్యాక, మేలు పొందినవాళ్లు లేచి అందరి ముందూ చెప్పుకోవడం వాళ్ల ఆనవాయితీ. సాక్ష్యం అంటారు. అతను లేచాడు. దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడు, భార్యకి చెప్పాడు. ఆ తర్వాత నావైపు చెయ్యి చూపించాడు.

"మా మేనేజర్ గారు. బొమ్మ రైలు తోలుకునేవాడికి పెద్ద బండి చేతికిచ్చారు. ఖాళీ బస్సని అందరూ నవ్వేవారు. ఆ ఖాళీ బస్సు మీదే నాకు చెయ్యి తిరిగిందండి. ఆయన పెట్టిన అన్నమే ఇది."

అందరూ ఆమెన్ అన్నారు. అతని మొహంలో వెటకారం ఏమైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

వెనక కుర్చీలోంచి అతని భార్య ముందుకి వంగింది. "ఇవాళ కూడా పులిహోర చేశాను మేనేజర్ గారూ," అంది మెల్లగా. "ఈసారి మాట్లాడాక తినండి."

"ఇంకెవరైనా చెబుతారా?" అని అడిగారు చర్చి అయ్యగారు.

నేను లేచాను. వాళ్లలా మొదలుపెట్టడం నాకు రాదు. అతనివైపు తిరిగాను. అతన్ని ఎప్పుడూ నువ్వనే పిలిచాను.

"ఆ ఆదివారం బస్సు నింపమన్నది నేనండి. నా పేరు చెప్పొద్దన్నదీ నేనే. మీ ఉద్యోగం పోతుంటే మీ ఇంటి అన్నం నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను. వీళ్లందర్నీ ఎండలో నడిపించాను. మీరందరూ నన్ను క్షమించాలి."