గుండుసూదులు తీసేసిన పద్నాలుగో కట్ట

2016 అక్టోబరు 18, మంగళవారం. హాజరైనవారు: విభాగాధిపతి మార్గరెట్, కాగితాల మరమ్మతు చూసే మాధవి, దాత ఉర్సులా, నేను. స్థలం: షికాగో శివార్లలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం, రెండో అంతస్తు, పాత పత్రాల విభాగం.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. దాని కింద జరిగిన పనులు వరుస నంబర్లతో రాయడం నా అలవాటు. ఆ రోజు ఒకటో నంబరు వేసి ఆపేశాను. ఏం రాయాలో తెలియలేదు.

అక్కడ నేను ఆర్కైవిస్టుని. చనిపోయిన రచయితల, ఆచార్యుల కాగితాలు పెట్టెల్లో వస్తే, అవి పాడవకుండా సర్ది, ఏ పెట్టెలో ఏముందో జాబితా రాయడం నా పని. ఆ వేసవిలో నాకు అప్పగించినవి ఒక జర్మన్ స్త్రీవాద రచయిత్రివి, తొమ్మిది పెట్టెలు. ఆవిడ పేరు రాయనని కూతురు ఉర్సులాకి మాటిచ్చాను. ఆవిడ జర్మనీలో బడిలో టీచరుగా చేస్తూ, ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుతూ, ఇంటి చాకిరీని ఎవరూ పనిగా ఎందుకు చూడరని అడుగుతూ వ్యాసాలు రాశారు. వాటిలో ఒకటి బాగా పేరు తెచ్చింది. తర్వాత అమెరికా వచ్చి, ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెప్పి, ఇక్కడే పోయారు.

మా వృత్తిలో మొదటి సూత్రం ఒకటుంది. యజమాని తన కాగితాలు ఏ వరుసలో పెట్టుకుంటే ఆ వరుసను చెదరగొట్టకూడదు. అసలు వరుసే లేదని తేలితేనే మనం ఒకటి ఏర్పరచాలి. పద్నాలుగో కట్టలో ఆ పేరుపడ్డ వ్యాసం చిత్తుప్రతి ఉంది, పదకొండు పేజీలు. పేజీల మధ్య ఇరవై మూడు చిన్న చీటీలు. వాటి మీద అంకెలు తప్ప మాటల్లేవు: 38.2, 39.1, పక్కన అప్పుడు టైము ఎంతో. తేదీ లేదు. చాలావాటిని తుప్పు పట్టిన గుండుసూదులతో పేజీలకు గుచ్చారు, కొన్నిటిని ఊరికే దూర్చారు.

సెల్సియస్‌లో జ్వరం రాసిపెట్టిన చీటీలు రాతప్రతిలో పొరపాటున కలిశాయనుకున్నాను. పని పత్రంలో ‘అసలు వరుస లేదు’ అని రాశాను. తుప్పు కాగితాన్ని తినేస్తుంది కనుక నిబంధన ప్రకారం సూదులు తీసేశాను. వ్యాసం ఒక ఫోల్డరులో పెట్టి, చీటీలు ‘ఇంటి సంగతులు’ అన్న మరో ఫోల్డరులో పెట్టాను. ఆ సాయంత్రం తృప్తిగా ఇంటికి వెళ్లినట్టు డైరీలో ఉంది.

అక్టోబరులో ఆ మంగళవారం ఉర్సులా వచ్చి ఆ కట్టే అడిగింది. ఆమెకు అప్పటికి డెబ్బై దగ్గర. ఆరేళ్లప్పుడు వారం రోజులు విపరీతమైన జ్వరం వచ్చిందట. ఆ వారమే తల్లి ఆ వ్యాసం రాసిందనీ, జ్వరం చూసింది పక్కింటావిడ అనీ, వాళ్లన్న తాను బతికున్నంతకాలం తల్లిని దెప్పేవాడట. నిజమా అని అడిగితే తల్లి, ఆ వారం కాగితాలున్నాయి, చూసుకో అనేదట. తల్లి బతికుండగా చూసే ధైర్యం చాలలేదట.

ఒక ఫోల్డరు తెరిచింది. రెండోది తెరిచింది. ఏ చీటీ ఏ పేజీ దగ్గరుండేదని నన్నడిగింది. నేను డైరీ తీశాను. ‘పేజీలు 11, చీటీలు 23’ అని ఉంది. అంతే ఉంది. అంకెలు తల్లి రాసినవో పక్కింటావిడ రాసినవో ఆమె పోల్చుకోలేకపోయింది. మా అమ్మ గది శుభ్రంగా ఊడ్చిపెట్టారే అంది. మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకు వెంటనే అర్థం కాలేదు.

మార్గరెట్ కోప్పడలేదు. చేసిందంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఫైలుకు జతచేయమంది. రాయడానికి కూర్చుంటే మాధవి వచ్చింది. వరంగల్ మనిషి, నాకంటే పదేళ్లు చిన్న.

“ఏంది సార్, సూదులన్నీ పారేసిండ్రా?”

“సీసాలో వేశానమ్మా. ఇప్పుడు వాటితో ఏం లాభం?”

“సూదులెందుకు సార్, తుప్పు మరకలుంటయి గద! చీటీ మీదొకటి, పేజీ మీదొకటి. లైట్ టేబుల్ మీద పెట్టి మ్యాచ్ చేద్దాం. రేపు ఎనిమిదింటికి రండి. డైరీల రాస్కోండి, రాస్కోకుంటే మీరు రారు.”

మర్నాడు ఉదయం, ఉర్సులాను కూడా పిలిచి, కింద దీపమున్న గాజుబల్ల మీద పేజీలు పరిచాం. పదిన్నరకు పంతొమ్మిది చీటీలు వాటి చోట్లకు చేరాయి. ఉర్సులా వంగి చదివింది. సూది గుచ్చిన ప్రతిచోటా వాక్యం సగంలో ఆగింది, కింద మళ్లీ మొదలైంది. తల్లి లేచి వెళ్లి జ్వరం చూసి, వచ్చి, ఆగిన చోట చీటీ గుచ్చి, మళ్లీ రాసింది.

“మరి వాళ్లన్న చెప్పింది అబద్ధమే గద, సార్?” అని మాధవి నా చెవిలో అడిగింది.

నాలుగు చీటీలు మిగిలాయి. నాలుగూ నలభై దాటినవే, జ్వరం బాగా ముదిరినప్పటివి. వాటికి సూది రంధ్రాల్లేవు, ఊరికే దూర్చినవి. ఉర్సులా నా వైపు తిరిగి, అవి ఎక్కడుండేవో గుర్తుందా అంది. నాలుగూ కలిసి రాత మధ్యలో ఉంటే, ఆ గంటల్లో అమ్మ కలం పక్కనపెట్టి నా దగ్గరే కూర్చున్నట్టు, అంది. కట్ట చివర ఉంటే, పక్కింటావిడ చూసి తర్వాత తెచ్చి ఇచ్చినట్టు. అవి అక్కడ ఉండగా చూసింది మీరొక్కరే అంది.

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మధ్యలో ఉన్నాయనిపించింది. అలా అనిపించడం ఆమె ముఖం చూసినందువల్లేమో అని కూడా అనిపించింది. గుర్తు లేదని చెప్పాను. ఆమె తలూపి, నాలుగు చీటీలూ నా చేతికిచ్చింది.

వాటిని కవరులో వేసి, పైన పెన్సిల్‌తో ‘చోటు తెలియదు, విడదీసింది నేను’ అని రాసి పేరు, తేదీ వేశాను. ఆమె అడిగితే కవరును వ్యాసం ఫోల్డరులోనే, పేజీలకు ముందు పెట్టాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ కట్టకూ ‘వరుస లేదు’ అని రాయలేదు. ‘నాకు వరుస కనబడలేదు’ అని రాసి, ముట్టుకునే ముందు ఫోటో తీసేవాణ్ణి.