ఆనపకాయ మీద ఆగని కర్ర

మొన్న మాఘంలో ఒకరోజు పొద్దున్నే, కర్రసాము చేస్తున్న సోములమ్మ చేతిలోంచి కర్ర ఎగిరి, పక్కింటి ధర్మ చూరుకి వేలాడగట్టుకున్న జీలుగు కల్లు కుండకి తగిలింది. కుండ పగిలింది. కల్లు కింద పడుకున్న కుక్క మీద పడింది. కుక్క లేచి, ఒళ్లంతా నాక్కుని, మళ్లీ పడుకుంది. ఆ రోజంతా అది ఎవర్నీ చూసి మొరగలేదు.

ధర్మ అంటే సోములమ్మ భర్తకి అన్న, వరసకి బావ. బయటికొచ్చి కుండపెంకులు చూశాడు.

"ఏటిది సోములమ్మా?"

"అడ్డంగా కట్టినావు బావా. కుండ కూడా నాసిరకం."

"సూరుకి కట్టినాను. నీ కర్రకి సూరు మీద ఏటి పని?"

"సాము చేసేకాడ గాలి తిరగతాది. గట్టి కుండయితే ఓర్చుకునును."

గాలి సంగతి ధర్మకి తెలీదు, నమ్మేశాడు. ఊరూ నమ్మింది. ఇన్నేళ్లలో సోములమ్మ చేతిలోంచి కర్ర జారడం ఎవరూ చూసి ఎరగరు మరి. పైగా, ధర్మ ఎక్కడ కొన్నా నాసి కుండే కొంటాడని ఒక మాట కూడా పుట్టింది.

నేను చూశాను. డుంబ్రిగుడకి అవతల ఆ ఊరి బడిలో నేను మేష్టర్ని. బడి అరుగు మీంచి సోములమ్మ వాకిలి కనిపిస్తుంది. కర్ర వెళ్లిపోయాక కూడా ఆవిడ కుడిచెయ్యి ముడుచుకునే ఉంది. కర్ర పోయిన సంగతి ఆ చేతికింకా తెలిసినట్టు లేదు.

సోములమ్మ పుట్టింది సాలూరు పైన కొండల్లో. వాళ్ల నాన్న చింతపండూ అడ్డాకులూ మోసుకుని సాలూరు సంతకి దిగేవాడట. అక్కడో సాము గురువు దగ్గర కర్ర పట్టడం నేర్చుకుని కొండెక్కాడు. కొడుకులు లేక కాదు, ఇద్దరికీ పొద్దున్నే లేవడం చేతకాక, కూతురికి నేర్పాడు. కోడలిగా ఈ ఊరొచ్చినప్పుడు సారెతో పాటు కర్ర కూడా వచ్చింది. అది చూసిన అత్తగారు మొదటి ఏడాదంతా కోడలితో చాలా నెమ్మదిగా మాట్లాడిందని ధర్మే చెబుతాడు.

ఆ కర్ర లోపల బోలు లేని గట్టి వెదురు. నిలబెడితే మనిషి కనుబొమ్మ దాకా రావాలి. వంకర ఉంటే సెగ చూపించి సరిచేసి, వలిసె నూనె పట్టించి, పొయ్యి మీది అటకలో పొగకి పెడుతుంది. కాఫీ పళ్లు కోసే రోజుల్లో సాము ఉండదు. కోతలయ్యాక ఊళ్లో ఆడపిల్లల్ని వాకిట్లో నిలబెడుతుంది. ముందు ఉత్త చేతుల్తో అడుగులు. తర్వాత రెండు చేతుల్తో కర్ర తిప్పడం, ఆ పైన ఒంటిచేత్తో, ఆ పైన వీపు వెనకాల చెయ్యి మార్చడం. కాచుకోవడం వచ్చేదాకా కొట్టడం చెప్పదు.

"కర్రని సూడకే. కర్ర మోసం సేత్తాది. ఎదటిదాని భుజం సూడు. దెబ్బ ముందు అక్కడే పుడతాది."

అన్నిటికీ ఆఖర్న తల దెబ్బ. నేర్చుకున్న పిల్ల చేతులు కిందికి వదిలేసి నిలబడుతుంది. గురువు ఒంటిచేత్తో కర్ర పూర్తి వేగంతో తిప్పి నడినెత్తి మీదికి దించి, వేలెడు పైన ఆపెయ్యాలి. పిల్ల రెప్ప వెయ్యకూడదు. అదయితేనే సాము వచ్చినట్టు, ఇంకొకరికి చెప్పే అర్హత ఉన్నట్టు. వాళ్ల నాన్న పెట్టిన కట్టడి అది.

ఈ ఏడు ఆ దెబ్బకి నిలబడాల్సింది స్వర్ణ, ధర్మ కూతురు. ఇంటర్ అయిపోయింది. ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లలకి సాము నేర్పమని అడిగితే, ఇటుకల పండగలో తల దెబ్బ అయ్యాక వస్తానని చెప్పింది. కొండ ఊళ్లలో అది వేట పండగ, చైత్రంలో వస్తుంది.

ఒక సాయంత్రం సోములమ్మ నాకు టీ అందిస్తూ గ్లాసు వదిలేసింది. టీ నా ప్యాంటు మీద, అదీ పడకూడని చోట పడింది. దారిలో ఎదురైన పిల్లలు నన్ను చూసి, ఎంతో మర్యాదగా ఏమీ అడగలేదు. కానీ కిందపడ్డ గ్లాసు తీస్తూ ఆవిడ అన్న మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు.

"మేష్టారూ, ఈ సెయ్యి ఒకపాలి నాదే, ఒకపాలి నాది కాదు. ఆసుపత్రిలో సూపించినాను. నరం నొక్కుకుపోయిందట. బరువులు మొయ్యొద్దన్నారు. కొండ మీద బరువు మొయ్యకపోతే ఏటి సెయ్యాలో సెప్పలేదు."

"మరి స్వర్ణ తల దెబ్బ?"

"పండగ నాటికి నెమ్మదిస్తాదేమో. ఎవరికీ సెప్పకండి."

చెప్పలేదు. చెబితే తల దెబ్బ ఆగిపోతుంది, స్వర్ణ నేర్చిన సామంతా వాకిట్లోనే ఉండిపోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో అనుకోవడానికే భయం వేసేది.

సోములమ్మ పెరట్లో తాడుకి ఆనపకాయ కట్టి, దాని మీద కర్ర ఆపడం మొదలుపెట్టింది. ఒక్కోసారి ఆగేది. ఒక్కోసారి బడిలో లెక్కలు చెబుతున్న నాకు 'టప్' మని వినిపించేది. ఆ రోజుల్లో వాళ్లింట్లో ఎప్పుడూ ఆనపకాయ కూరే. స్వర్ణ కూడా వచ్చి, బాగుంది పిన్నీ అని మారు వడ్డించుకుని తినేది. ఓసారి నాకూ పెట్టారు. ముద్ద కలుపుతూనే కూర్చున్నాను. ఉప్పు ఎక్కువైందా అని అడిగింది స్వర్ణ.

పండగ వచ్చింది. ధింసా ఆడినవాళ్లు చెమటలు తుడుచుకుంటూ చుట్టూ కూర్చున్నారు. స్వర్ణ మధ్యకొచ్చి, నేలకి దణ్ణం పెట్టి, చేతులు కిందికి వదిలి నిలబడింది. ధర్మ ముందు వరసలో కూర్చుని పక్కవాళ్లకి కూతుర్ని చూపించి చెబుతున్నాడు, "మా గుంట రెప్ప ఎయ్యదు, సూడండి."

సోములమ్మ కర్ర తిప్పింది. ఒక చుట్టు, రెండో చుట్టు. స్వర్ణ కళ్లు పిన్ని భుజం మీదే ఉన్నాయి. ఆ భుజంలో ఏదో తేడా కనిపించి, ఆ కళ్లు ఉన్నట్టుండి చిన్నవయ్యాయి. అయినా పిల్ల కదల్లేదు.

సోములమ్మ తిప్పడం ఆపి, కర్ర నేల మీద ఆనించింది.

"నా సెయ్యి సెడింది" అంది అందరికీ వినపడేలా. "మాఘం నుంచి దాసినాను. ఇది కర్రని ఆపుతాదని నమ్మకం లేదు." కర్ర స్వర్ణ చేతిలో పెట్టి, ఆ పిల్ల నిలబడ్డ చోట తను నిలబడింది. "ఆపడం వస్తేనే సాము వచ్చినట్టు. కొట్టు."

"నేనా పిన్నీ?"

"ఇన్నాళ్లూ నా భుజం నువ్వు సూసినావు. నీది నేను సూస్తాను. బేగి."

స్వర్ణ అరచేతులు పావడాకి తుడుచుకుంది. ధర్మ లేచి నిలబడ్డాడు, ఎందుకో తనకే తెలీనట్టు. కర్ర తిరగడం మొదలైంది. గాలి కోస్తున్న చప్పుడు అంతకంతకీ పెరిగింది.

ఆ తర్వాతది నేను చూళ్లేదు. కళ్లు మూసుకున్నాను. ఆనపకాయ చప్పుడు నాకు బాగా తెలుసు కనక, దానికోసం చెవులు పెట్టుకుని ఉన్నాను. అది రాలేదు. కళ్లు తెరిచేసరికి కర్ర సోములమ్మ పాపిడికి వేలెడు పైన ఉంది. ఆవిడ కొప్పులోని పువ్వు గాలికి ఇంకా ఊగుతోంది. రెప్ప వేసింది నేనొక్కణ్ణేనని ఆవిడ తర్వాత చాలామందికి చెప్పింది.

జనం స్వర్ణ చుట్టూ మూగారు. ధర్మ మాత్రం నేరుగా మరదలి దగ్గరకొచ్చాడు. చాలాసేపటినుంచి లెక్క సరిచూసుకుంటున్నవాడిలా ఉంది మొహం.

"అయితే నా కుండ గట్టిదేనన్న మాట. మాఘం నుంచి ఊరంతా నా కుండల్ని సూసి నవ్వతన్నారు. సెయ్యి సెడిందని ఆ రోజే సెప్పొచ్చు కదా?"

సోములమ్మ కుడిచేతి వేళ్లు ఎడంచేత్తో ఒక్కొక్కటీ సాపు చేసుకుంటోంది.

"కుండ కాబట్టి బొంకినాను బావా, నీ గుంట తలయితే బొంకుతానా?"