ఈశాన్యం మూల కొలవని గది

2011 జులై 4, సోమవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. ఎల్బీనగర్ రింగురోడ్డు పక్కనున్న ఫ్లోరింగ్ దుకాణంలో కృష్ణకుమారి ఫోను మోగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో విజయదుర్గ గారింట్లో లామినేట్ పలకలు పరచడానికి వెళ్లిన వడ్రంగి తిరుపతి మాట్లాడుతున్నాడు.

"అక్కా, జర పరేషాన్ అయ్యేటట్టుంది. ఉత్తరం దిక్కు పోయినకొద్ది గది ఎడల్పు పెరుగుతున్నది. పలకలు సాలయి."

"ఎంత పెరిగింది?"

"ఆరంగుళాలు. పొడుగు గూడ తూర్పు దిక్కు గంతే పెరిగింది."

కృష్ణకుమారి కొలతల పుస్తకం తెరిచింది. దక్షిణపు గోడ 12 అడుగులు, పడమటి గోడ 14. వైశాల్యం 168 చదరపు అడుగులు. కోతల్లో పోయేదానికి నూటికి ఐదు కలిపితే 176.4. పెట్టెకు 20 చదరపు అడుగుల చొప్పున తొమ్మిది పెట్టెలు పంపింది. ఉత్తరం, తూర్పు అన్న గడులు ఖాళీగా ఉన్నాయి.

ఆమె నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి అల్మాస్‌గూడలో స్థిరపడిన మనిషి. గణితంతో బీఎస్సీ చదివి, ఈ దుకాణంలో ఫోన్లు ఎత్తే పనికి చేరింది. యజమాని విశ్వేశ్వరరావు గారు అంతవరకూ గదులను కంటితోనే అంచనా కట్టేవారు. రెండో ఏడాది టేపు ఆమె చేతికిచ్చారు. ఈ ఏప్రిల్‌లో సరూర్‌నగర్‌లో ఒక గదికి పలకలు తగ్గాయి. తరువాత తెప్పించినవి వేరే విడతవి కావడంతో రంగు కలవక ఆ మూల అతుకు వేసినట్టు కనిపించింది. "ఇంకోసారి ఇలా జరిగితే టేపు తిరుపతికిచ్చేసి కౌంటర్లో కూర్చోవాలమ్మా" అన్నారాయన. కౌంటరు మీద ఆమెకు చిన్నచూపు లేదు. అయితే చదివిన చదువు పనికొచ్చేది ఆ టేపు పట్టుకున్నప్పుడే.

ఈ విడతలో దుకాణంలో ఉన్నవే తొమ్మిది పెట్టెలు. మర్నాటి నుంచి రెండు రోజులు తెలంగాణ బంద్.

10 గంటల 55 నిమిషాలకు ఆటో దిగేసరికి విజయదుర్గ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఈశాన్యం పెంచే కట్టించాం కదమ్మా! సిద్ధాంతి గారు ఆరంగుళాలన్నారు. కొలిచిననాడు చూసుకోలేదా?"

"ఆరోజు మీరు మడితో పూజలో ఉన్నారండీ. అటు రావద్దన్నారు."

అది నిజమే. ఈశాన్యం మూల తెర కట్టిన దేవుడి మందిరం ముందు దీపం వెలుగుతుండటంతో కృష్ణకుమారి దూరంగా నిలబడి రెండు గోడలే కొలిచింది. ఎదుటి గోడలు వాటికి సమానమనుకుంది. గది దీర్ఘచతురస్రమన్నది ఆమె చూసిన విషయం కాదు, అనుకున్న విషయం.

"దేవుడు ఆరంగుళాలు ఎక్కువడిగిండు. దాంట్ల మా అక్క తప్పేముంది?" అన్నాడు తిరుపతి.

"బంద్ రేపటి నుంచి కదయ్యా! నీ నోరు మాత్రం ఇవాళే బంద్ చెయ్యి" అంది విజయదుర్గ.

కృష్ణకుమారి మూల నుంచి మూలకు దారం లాగి గదిని రెండు త్రిభుజాలుగా విడదీసింది. దక్షిణపు గోడ భూమిగా ఒకటి, ఎత్తు 14.5 అడుగులు, వైశాల్యం 87. పడమటి గోడ భూమిగా రెండోది, ఎత్తు 12.5, వైశాల్యం 87.5. మొత్తం 174.5. నూటికి ఐదు కలిపితే 183 దాటింది. ఇంట్లో ఉన్నది 180. ఆమె మరోసారి కూడింది. అంకె మారలేదు.

"అమ్మా, ఆ మందిరం జర పక్కకు జరుపుండ్రి. దాని కింద గూడ పరుస్త" అన్నాడు తిరుపతి.

"జరపడమేంటి! అది కదిలేది కాదు. రాతి అరుగు, నేలలోకి సిమెంటు పోయించాం. దాని కిందకి చెక్కలేం వెళ్తాయి?" అంటూ విజయదుర్గ మందిరానికి వేలాడే తెర పైకెత్తింది.

కృష్ణకుమారి అంతవరకూ దాన్ని పక్కకు జరపగలిగే నాలుగు కాళ్ల చెక్క మందిరమే అనుకుంది.

"కొలవొచ్చాండీ?"

"కాళ్లు కడుక్కుని రా."

ఆమె కాళ్లు కడుక్కుని వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని టేపు పట్టింది. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఆరు చదరపు అడుగులు. 174.5 లోంచి ఆరు పోతే 168.5. నూటికి ఐదు కలిపినా 177 లోపే. పెట్టెల్లో ఉన్నది 180. ఆమె లేచింది.

"తిరుపతన్నా, కోతలు మొదలుపెట్టు. సాల్తయి."

"గిదేం లెక్కక్కా! తప్పు మీద తప్పు చేస్తివి, అర్ధ అడుగు తేడాతోని బయటపడ్తివి!"

ఆమె నవ్వింది. ఆ ఉదయం నుంచి అదే మొదటిసారి.

సాయంత్రం 4 గంటల 40 నిమిషాలకు పని ముగిసింది. ఆమె విశ్వేశ్వరరావు గారికి ఫోను చేసి రెండు పొరపాట్లూ వరసగా చెప్పింది.

"ఆ అరుగు లేకపోతే?" అన్నారాయన.

"తక్కువొచ్చేదండీ."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా?"

"తెలిసేది కాదండీ."

అవతల ఆయన పుస్తకం పేజీలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"గురువారానికి బంద్ అయిపోతుంది. మలక్‌పేటలో ఒక ఇల్లుంది, వెళ్లి కొలిచిరా. నాలుగు గోడలూ కొలువు తల్లీ. వాళ్ల దేవుడి దగ్గర ముందే అనుమతి తీసుకో."

ఆమె టేపు చుట్టి సంచిలో పెట్టుకుంది. పుస్తకంలో ఖాళీ గడులు రెండూ నింపి, అరుగు కొలత పక్కన రాసి, గోడవారగా ఉన్న చివరి పెట్టె మూత తీసి కోయకుండా మిగిలిన పలకలు లెక్కపెట్టింది.