యజమాని చేసిన నాలుగు జతలు

అమెరికాలోని బ్రాక్టన్‌లో మా బూట్ల ఫ్యాక్టరీ యజమాని ఎల్‌బ్రిడ్జ్ థేయర్ ఒకప్పుడు మాలాగే బల్ల ముందు కూర్చుని అచ్చు మీద తోలు బిగించినవాడు. తోలు బిగించడానికి ఎక్కువసేపు పట్టే కోసుమొన బూట్లు కొత్తగా వచ్చిన ఏడాది, గంటకు ఆరు జతలు చేయాల్సిందేనని మేస్త్రీ పట్టుబట్టాడు. మేము పని ఆపేశాం.

మరునాడు థేయర్ కోటు విప్పి నా పక్కన కూర్చున్నాడు. గుప్పెడు సన్న మేకులు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే నాలుకతో బయటికి తోస్తూ, తీసి తోలుకు కొట్టాడు. మా సంఘం పెద్ద హర్లీ గడియారం పట్టుకున్నాడు. గంటలో నాలుగు జతలయ్యాయి.

"చేతికి తుప్పు పట్టింది అయ్యగారూ. మావాళ్లు అయిదు చేస్తారు," అన్నాడు హర్లీ.

థేయర్ మిగిలిన మేకులు అరచేతిలోకి ఉమ్మాడు. "మరి ఆరు?"

"అవి మీ మేస్త్రీ చేస్తాడేమో అడగండి."

మేస్త్రీ కూడా నవ్వాడు. గంటకు అయిదు జతలని కాగితం మీద రాసి థేయర్, హర్లీ సంతకాలు పెట్టారు. మధ్యాహ్నానికి అందరం పనిలో ఉన్నాం.