తులసి మొదట్లో పోసిన మందు

పిస్తోలు పేలిపోయి హారిస్ గారి చెయ్యి చీలిందన్న వార్త నాకు మొదట తెచ్చింది పోశెట్టి. ఎండలో పరుగెత్తుకొచ్చి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, పిస్తోలు పలిగింది. సాబ్ బొటనవేలు..." అంటూ తన చెయ్యే ఎత్తి చూపించాడు. అప్పటి నుంచి నా లోపల ఒక బరువుంది. చిన్నప్పటి నుంచీ తూకం నా చేతి పని. ఈ ఒక్కదాన్నే ఏ త్రాసులోనూ పెట్టలేకపోయాను.

నా పేరు రాయడం లేదు. పిరికితనమే అనుకోండి. మిగతాదేదీ మీ దగ్గర దాచను.

చమురు డబ్బు ఖతార్‌ను ముంచెత్తుతున్న రోజులవి. మావారికి దుఖాన్‌లో చమురు బావుల దగ్గర స్టోర్స్ ఉద్యోగం. ఆయన డ్యూటీకి వెళితే ఇంట్లో నేనూ, ఏసీ చప్పుడూ. కిటికీ తీస్తే ఇసుక, పైపులు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళవి వేరే భాషలు. నాకు తెలుగు తప్ప మరొకటి రాదు. నేను బడికి వెళ్ళలేదు. గోదావరి ఒడ్డున మా ఇంట్లో నాన్నగారే అక్షరాలు దిద్దించారు. ఆయన వైద్యులు. భస్మాలను గురిగింజల ఎత్తున తూచి పొట్లాలు కట్టడం నా పని. తూచేటప్పుడు ఊపిరి బిగబట్టమనేవారు.

మావారు ఈ మాట సరదాగా తన పైఅధికారి హారిస్ గారితో అన్నారు. ఆయనకు తుపాకుల పిచ్చి. మరికొందరు దొరలతో కలిసి చిన్న క్లబ్బు పెట్టుకుని, సెలవు రోజున ఊరి బయట గురి చూసి కాల్చేవారు. కాల్చిన తూటాల గొట్టాలు పారెయ్యకుండా వాటిలో మళ్ళీ మందు నింపుకునేవారు. ఆ మందు తూచే పని నాకు ఒప్పజెప్పారు. మా వెనక గదిలో బల్ల వేశారు, చిన్న త్రాసు పెట్టారు. ఆ గది ఊడ్చే పనీ, క్లబ్బులో గురిబల్లలు నిలబెట్టే పనీ పోశెట్టివి. నిజామాబాద్ వైపు మనిషి. ఆ ఊళ్ళో నాతో తెలుగు మాట్లాడింది మావారు కాక అతనొక్కడే. ఉప్పు లేని తీపి మట్టి దొరికే తోట నుంచి లారీ డ్రైవర్ని బతిమాలి మట్టి తెచ్చి, నాకు తులసి నాటి పెట్టింది కూడా అతనే. నేను తూస్తుంటే గుమ్మంలో చీపురు ఆనించి నవ్వేవాడు. "ఏందక్కా, దొరలకు గూడ పోపు డబ్బనే వెట్టినవా? గింత ఇంగువ సుత ఎయ్యి, తుపాకి మంచిగ మోగుతది!"

నిజమే, పోపు డబ్బాలాగే ఉండేది. రెండు డబ్బాల మందు. చూడ్డానికి రెండూ బూడిదరంగు పలుకులే. ఒకటి చప్పున మండేది, చిన్న పిస్తోలుకు కొంచెం చాలు. రెండోది నెమ్మదిగా మండేది, పెద్ద పిస్తోలుకు ఎక్కువ పోయాలి. చప్పున మండేదాన్ని ఆ ఎక్కువ కొలతన పోస్తే పిస్తోలే పగిలిపోతుంది. బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలనీ, ఏది ఏదో అనుమానం వస్తే పారబోయాలనీ హారిస్ గారు మావారి చేత నాకు మరీ మరీ చెప్పించారు.

పారబోయడం. అదే నాకు చేతకానిది. మింగిన మెతుక్కీ, తాగిన గుక్కెడు నీళ్ళకీ దణ్ణం పెట్టుకునే ఇంట్లో పెరిగాను. మా ఇంట్లో పాత పప్పు డబ్బా అడుగున మిగిలింది కొత్తదాంట్లో పోస్తాం. ఆ రోజు చిన్న పిస్తోలు తూటాలు నింపడం అయ్యాక తూచే గిన్నెలో రెండు మూడు చెంచాల మందు మిగిలింది. దాని డబ్బా మూతపెట్టి అలమరలో సర్దేశాను. మర్నాటి పనికని తీసి బల్ల మీద పెట్టింది రెండోది. దీపం వేళవుతోంది. మిగిలింది ఆ డబ్బాలోనే వంపేశాను. తెలియక చేశానా? లేదు. వేరే మందని తెలుసు. ఇంత కొంచెం ఏం చేస్తుందిలే అనుకున్నాను. మర్నాడు పెద్ద పిస్తోలు తూటాలకు అదే డబ్బా తీశాను. పైన పోసింది పైనే ఉంటుంది కదా. మొదటి తూటాల్లోకి వెళ్ళింది దాదాపు ఆ మిగులే. నింపుతున్నప్పుడు ఆ సంగతి గుర్తే రాలేదు.

పోశెట్టి చెయ్యి ఎత్తి చూపించగానే గుర్తొచ్చింది. అతను ఆసుపత్రి వైపు పరుగెత్తాడు. నేను వెనక గదిలోకి వెళ్ళాను. డబ్బాలో ఉన్నదంతా తులసి మొదట్లో పోసి, పైన మట్టి కప్పాను. దేవుణ్ణి తలుచుకుంటూనే ఆ పని చేశాను. ఎవరికైనా ఇంత నిబ్బరం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మిగిలిన తూటా ఒకటి విప్పి, మందు వెలిగించి చూసిన దొరలకు రెండు మందులూ కలిశాయని అర్థమైంది. మావారు ఇంటికొచ్చి, ఆ గదిలోకి నేను కాక ఇంకెవరు వెళ్ళారని అడిగారు. "పోశెట్టి ఊడవడానికి వచ్చాడండీ" అన్నాను. అబద్ధం కాదు. రోజూ వచ్చేవాడే. ఆ నిజాన్నే అబద్ధం చోట పెట్టాను. ఊడుస్తూ ఒలకబోసి, భయపడి చేతికందింది ఎత్తి డబ్బాలో పోసి ఉంటాడని వాళ్ళే అనుకున్నారు. నేను కాదనలేదు. అతన్ని పనిలోంచి తీసేసి దేశానికి పంపేశారు.

వెళ్ళే ముందు వచ్చాడు. లోపలికి రాలేదు, తులసి దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, గా డబ్బ నేను ముట్టనేలే. నీకెరుకనే గద. ఒక్కమాట జెప్పరాదు సార్‌తోని."

"నాకేం తెలుసు పోశెట్టీ."

"నీకు దెల్వకుంటె ఇంకెవలికి దెలుస్తదక్కా?"

నేను తల వంచుకున్నాను. అతనూ వంచాడు. గాలికి పైమట్టి ఎగిరిపోయి, తులసి మొదట్లో బూడిదరంగు పలుకులు తేలి కనిపిస్తున్నాయి. ఆ గది రోజూ ఊడ్చిన మనిషి, పోల్చుకోకపోతాడా? చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పుల కాలితోనే మట్టి మెల్లగా జరిపి వాటిని కప్పేశాడు.

"చెట్టుకు నీళ్ళు మర్వకక్కా," అని వెళ్ళిపోయాడు.

ఎందుకు చెప్పలేదు నేను? మావారి ఉద్యోగం పోతుందని భయపడ్డాననే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. నా చెయ్యి త్రాసు కంటే నమ్మకమని హారిస్ గారు నలుగురిలో అన్న మాట ఉంది చూడండి, దాన్ని వదులుకోలేకపోయాను. ఎవరూ లేని చోట నన్ను ఒక మనిషిగా గుర్తించిన మాట అది. ఆ మాట కోసం, నన్ను అక్కా అని పిలిచే ఒక్క గొంతునూ పంపేసుకున్నాను. మళ్ళీ ఆ త్రాసు ముట్టలేదు. హారిస్ గారు బొటనవేలు లేని చేత్తోనే కలం పట్టడం నేర్చుకున్నారు, కనిపించినప్పుడల్లా నన్నే ఓదార్చేవారు.

ఆ తులసి మాత్రం విరగబడి పెరిగింది. ఆ మందు మొక్కలకు ఎరువవుతుందని తర్వాత ఎవరో అంటే విన్నాను. రోజూ దాని చుట్టూ తిరిగి చల్లగా చూశావు తల్లీ అని దణ్ణం పెట్టుకునేదాన్ని. ఒక ఉదయం చేతులు జోడించాక ఆగిపోయాను. దేనికి ఈ కృతజ్ఞత? దొరకనందుకా? ఆ చేతులు విడదీయడానికి సిగ్గేసింది. గురిగింజ తన నలుపెరగదంటారు. నేను ఎరుగుదును. ఎరిగే, ఎర్రటి వైపు పైకి పెట్టుకుని బతికాను.

మావారికి చెప్పలేదు. ఆయన కాలం చేశారు. ఇప్పుడు నేను ఖతార్‌లోనే, అల్ అజీజియాలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మా వీధిలో ఇల్లు కడుతున్న ఒకతను నిజామాబాద్ వైపు మాట మాట్లాడుతుంటే ఆగి అడిగాను, పోశెట్టి అనే ఆయన తెలుసా అని. అతను నవ్వాడు. "మా దిక్కు ఊరికి పది మంది పోశెట్టిలుంటరమ్మా. ఏ పోశెట్టి?"

ఏ పోశెట్టో చెప్పలేకపోయాను. ఇంటిపేరు తెలియదు. ఊరి పేరు తెలియదు. అన్నాళ్ళూ అతని చేత తెలుగు వినిపించుకున్నానే గాని, అతన్ని ఒక్కమాట అడగలేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. కాగితం మీద పెట్టాక ఊపిరి కాస్త లోపలికి వెళుతోంది, నాకంతే చాలు. అడిగేది ఒక్కటే. పోశెట్టి అన్న పేరు మీకెక్కడ వినబడినా, దుఖాన్‌లో ఆ డబ్బా ముట్టని మనిషి ఒకడున్నాడని తలుచుకోండి. ముట్టినది ఎవరో తెలిసీ, కాలితో మట్టి కప్పి వెళ్ళిపోయిన మనిషి.